చెత్త బండి, గుడ్లగూబ, మధ్యలో అత్తమ్మ

ప్రశ్న: మాది కరీంనగర్. నాలుగేళ్లుగా ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటున్నాం. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదు. హాలోవీన్‌కు ఇంకా మూడు వారాలే ఉంది. రెడీమేడ్ డ్రెస్సులు చూస్తే ఒక్కోటి నలభై డాలర్ల పైమాటే. పోయినేడు కొన్నవి ఒక్క రాత్రికే కుట్లు ఊడిపోయాయి. ఈసారి నేనే చేస్తానని పిల్లలకు మాటిచ్చేశాను. పాప గుడ్లగూబ అంటోంది. బాబు చెత్త బండి అంటున్నాడు! నాకు కుట్టు మిషన్ లేదు. హుక్కులు, గుండీలు కుట్టడం, చీరకు ఫాల్ వేయడం తప్ప ఏమీ రాదు. ఇంటి నుంచే ఉద్యోగం, ఇండియా కాల్స్ రాత్రి దాకా ఉంటాయి. మా అత్తమ్మ ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. ఒకప్పుడు ఊరందరికీ బొంతలు కుట్టిన మనిషి, ఇక్కడ పొద్దు పోవడం లేదంటారు. వేషాల సంగతి చెబితే "పండుగల పూట ఈ దయ్యాల ముచ్చటేంది, అందులో గుడ్లగూబా?" అన్నారు. మావారేమో "ఇంట్లో కృష్ణుడి డ్రెస్సుంది కదా, అదే వేసి పంపు" అంటారు. పాప క్లాసులో మిగతా తల్లులు చేసే వేషాల ఫొటోలు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. మాటిచ్చి తప్పు చేశానా? పిల్లలతో తిరిగేటప్పుడు నేను కూడా ఏదైనా వేసుకోవాలా?
– ఇద్దరు పిల్లల తల్లి, కొలంబస్

జవాబు: చెత్త బండి అని చదవగానే నవ్వొచ్చిందమ్మా. ఆ వెంటనే పాతికేళ్ల కిందటి నా రోబో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అప్పుడు మా వాడికి ఆరేళ్లు. కొత్త మైక్రోవేవ్ వచ్చిన అట్టపెట్టెను దాచి, రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని, వంటింట్లో ఉన్న సిల్వర్ ఫాయిలంతా దానికే చుట్టి రోబోను తయారు చేశాను. గోడకు ఆనించి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. తొడిగి చూడాలని మాత్రం తోచలేదు. హాలోవీన్ రాత్రి పిల్లలు చాక్లెట్లకు ఇంటింటికీ తిరుగుతారు కదా, మొదటి ఇంటికే మూడు మెట్లున్నాయి. పెట్టె వాడి మోకాళ్ల కిందికి దిగింది, కాలు లేవలేదు. పెట్టెతో సహా ఎత్తి పైన నిలబెట్టాను. రెండో ఇంటి దగ్గరా అంతే. మూడో ఇంటి దగ్గర "అమ్మా, ఒంటేలు" అన్నాడు. వీపు వెనక నేను బిగించిన ముడులు ఆ చలిలో నా వేళ్లకు ఊడి రాలేదు. మిగతాది చెప్పక్కర్లేదు కదా. ప్యాంటు మార్చి, మామూలు స్వెట్టర్‌తో తీసుకెళ్తే ఇంకో ఇరవై ఇళ్లు హాయిగా తిరిగాడు. ఎవరో ముసలాయన "నువ్వేం వేషం బాబూ?" అని అడిగితే, "మా రోబో ఇంటికెళ్లిపోయింది" అన్నాడు.

కాబట్టి నేను చెప్పే మొదటి మాట ఇదే. పిల్లల వేషం ఫొటోకు నిలబెట్టే బొమ్మ కాదు, రెండు గంటలు నడవాల్సిన బట్ట. చీకట్లో, చలిలో, గడపగడపకూ మెట్లెక్కి దిగుతూ, చేతిలో సంచి పట్టుకుని నడవాలి. నడక కుదిరాకే అందం.

అందానికి కూడా మీరు భయపడుతున్నంత పని లేదు. వేషం కట్టడం మనకు కొత్తేం కాదు. పగటి వేషాలవాళ్లను చూసే ఉంటారు, లేదంటే అత్తమ్మను అడగండి, ఆవిడ తప్పకుండా చూసి ఉంటారు. రోజుకో వేషంతో ఊరంతా తిరిగేవాళ్లు. వాళ్ల దగ్గర ఉండేది ఒక పెట్టె సామాను, అంతే. బుడబుక్కల వేషమంటే చేతిలో ఆ చిన్న డమరుకం టకటకలాడితే చాలు, మిగతాది చూసేవాళ్లే అల్లుకునేవాళ్లు. అర్ధనారీశ్వరుడి వేషమైతే ఒకే మనిషి, ముఖానికి ఒక పక్క శివుడు, ఒక పక్క పార్వతి. అడ్డంగా ఒక గుడ్డ పట్టుకుని ఈ పక్క దాచి ఆ పక్క చూపిస్తే ఇద్దరు మనుషులు కనిపించేవాళ్లు. ఏ వేషానికైనా ఒకటో రెండో గుర్తులుంటాయి. అవి పడితే పని అయిపోయినట్టే. గుడ్లగూబకు కళ్లు, రెక్కలు. చెత్త బండికి వెనకాల నోరు, కింద చక్రాలు. మిగతా ఒంటి మీద ఇంట్లో వేసుకునే బట్టలే ఉండనివ్వండి.

ముందు అత్తమ్మ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ సగం పని ఆవిడ చేతిలోనే ఉంది. దయ్యాల పండుగ అన్నారు కదా, ఆ మాటలో పూర్తిగా తప్పేం లేదు. నవంబర్ 1న క్రైస్తవులకు పుణ్యాత్ములందరినీ తలుచుకునే రోజు. దానికి ముందు రాత్రి ఇది. అంతకు ముందే ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో పంటలు ఇంటికొచ్చి చలికాలం మొదలయ్యే ఆ రోజుల్లో, పోయినవాళ్లు తిరిగొస్తారని ఒక నమ్మకం ఉండేది. పిల్లలు వేషాలు కట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడివాళ్లు గుంపులుగా ఓడలెక్కి అమెరికా వచ్చినప్పుడు ఆ అలవాటూ వాళ్లతోనే వచ్చింది. అక్కడ టర్నిప్ దుంపల్ని తొలిచి దీపం పెట్టేవాళ్లు, ఇక్కడ గుమ్మడికాయ చవగ్గా, పెద్దదిగా దొరికింది. అత్తమ్మకు ఇదంతా ఉపన్యాసంలా చెప్పకండి. "మనకు పెత్రమాస నాడు పెద్దల్ని తలుచుకున్నట్టు, వీళ్లకు ఇదొకటి అత్తమ్మా" అంటే చాలు. రెండూ ఒకటే అని నేను అనను. కానీ పోయినవాళ్లను తలుచుకునే కాలం ఒకటి ఏ ఊళ్లోనైనా ఉంటుందన్న మాట పెద్దవాళ్లకు ఇట్టే అందుతుంది. పీరీల పండుగకు ఒంటి నిండా పసుపు రంగు, నల్ల చారలు పూసుకుని డప్పుకు ఆడే పులి వేషాలు చూసి పెరిగిన మనిషికి, పిల్లాడు వేషం కట్టుకుని వీధిలో తిరగడం వింతేమీ కాదు.

గుడ్లగూబ కాస్త కష్టమే. ఇంటి మీద వాలితే కీడని నమ్మే పిట్ట, దాన్ని మనవరాలి ఒంటి మీదికి తెస్తామంటే ఎవరికైనా మనసు ఒప్పదు. బెంగాల్లో మాత్రం అది లక్ష్మీదేవి వాహనం. అక్కడ లక్ష్మీపూజ చేసే ఇళ్లలో అమ్మవారి కాళ్ల దగ్గర తెల్ల గుడ్లగూబ ఉంటుంది. ఈ మాట మీరు చెబితే వాదనలా వినిపిస్తుంది, పాపతో చెప్పించండి. అప్పటికీ వద్దంటే తెల్ల గుడ్లగూబ చేస్తే సరి. తెల్లనిది చీకట్లో కార్లవాళ్లకు బాగా కనిపిస్తుంది కాబట్టి నా ఓటు కూడా దానికే.

ఇప్పుడు బొంత. బొంత కుట్టేది ఏ కుట్టుతో? సూది కిందికీ పైకీ గుచ్చుకుంటూ వరసగా పోయే కచ్చా కుట్టుతోనే కదా. గుడ్లగూబ రెక్కలకు కావలసింది సరిగ్గా ఆ కుట్టే, ఇంకేమీ అక్కర్లేదు. మిషన్ లేదని మీరు దిగులుపడుతున్నారు, ఇంట్లో అంతకన్నా మంచి చెయ్యి కూర్చుని పొద్దు పోవడం లేదంటోంది. మీరు ముక్కలు కత్తిరించి పెట్టండి, ఆవిడ కుడతారు. సాయం చేయమని అడగొద్దు. "ఈ వరస ఎట్లా నిలబడుతుందో నాకు తెలుస్తలేదు, ఒక్కసారి చూపియ్యండి" అనండి. రెండో వరసకు సూది ఆవిడ చేతిలోంచి మీకు తిరిగి రాదు.

రెక్కలు ఇలా చేయండి. పాపను చేతులు చాపి నిలబడమని ఆ బార కొలవండి. పిల్లల బార దాదాపు వాళ్ల ఎత్తంతే ఉంటుంది, రెండూ మరీ తేడా వస్తే కొలత మళ్లీ తీయండి. ఒక మణికట్టు నుంచి రెండో మణికట్టు దాకా వచ్చేంత వెడల్పుతో ఒక పాత చున్నీనో, దుప్పటి ముక్కనో అర్ధచంద్రంలా కత్తిరించండి. నిలువు మెడ దగ్గర్నుంచి నడుం దాటి ఒక బెత్తెడు కిందికి వస్తే చాలు. మడమల దాకా వేలాడితే పాప తన రెక్కల్నే తొక్కుకుని పడుతుంది. ఇక ఈకలకు నాలుగు వేళ్ల వెడల్పున బట్ట పట్టీలు తీసి, ఒక అంచును తమలపాకు కొసల్లా వరసగా కత్తిరించాలి. కింద నుంచి మొదలుపెట్టి, పై వరస కింది వరస మీదికి రెండు వేళ్లు వచ్చేలా వేసుకుంటూ పోవాలి, పెంకుటింటి కప్పులాగా. కుట్టేది ప్రతి పట్టీకి పై అంచు ఒక్కటే. కొసలు వదిలేస్తేనే చెయ్యి ఆడించినప్పుడు రెక్క కదులుతుంది.

బట్ట ఏదని అడుగుతారేమో. పాత నేత చీరలైతే భేషుగ్గా ఉంటాయి. కత్తిరించిన చోట దారాలు లేచి వస్తాయని ఎప్పుడూ విసుక్కుంటాం, ఇక్కడ అదే కలిసొస్తుంది. ఒకసారి వాషింగ్ మెషీన్‌లో తిప్పి తీస్తే అంచులన్నీ అచ్చం ఈకల్లా రేగిపోతాయి. తెలుపు, లేత గోధుమ, బూడిద రంగు, ఏది దొరికితే అది కలిపేయండి. మధ్యలో ఒకటో రెండో జరీ ముక్కలు పడితే లైట్ల కింద మెరుస్తాయి. అంతకని మంచి పట్టుచీర మీద కత్తెర పెట్టకండి, అంత త్యాగం అక్కర్లేదు. కుట్టే ఓపిక లేనిచోట ఇస్త్రీ పెడితే అతుక్కునే టేపు ఉంటుంది, అదీ బాగానే పనిచేస్తుంది. బట్టలు కొనాలనుకుంటే, గజాల్లెక్కన అమ్మే జోఆన్ దుకాణాలు 2025లో అన్నీ మూతపడ్డాయి కాబట్టి మైకేల్స్‌లోనో హాబీ లాబీలోనో చూడండి. నన్నడిగితే వాడిన వస్తువులు అమ్మే గుడ్‌విల్‌లో ఒక పాత దుప్పటి కొనుక్కోవడం అంతకన్నా చవక.

మెడ దగ్గర తాడు కట్టి ముడి వేయకండి. ఏ పొదకో గేటుకో రెక్క తగులుకుంటే మెడ బిగుసుకుంటుంది. అంగుళం వెల్క్రో ముక్క కుడితే, గట్టిగా లాగినప్పుడు దానంతటదే ఊడొస్తుంది. మణికట్ల దగ్గర మెత్తటి ఎలాస్టిక్ వేలాడదీస్తే రెక్కలు చేతులతోపాటు లేస్తాయి.

ముఖానికి మాస్కు మాత్రం వద్దే వద్దు. పక్క చూపు పోతుంది, లోపల ఊపిరికి తడిసిపోతుంది, పదో ఇంటికల్లా అది మీ చేతిలో ఉంటుంది. దానికి బదులు టోపీ ఉన్న ఒక హుడీ తీసుకోండి. టోపీ మీద నుదుటికి కాస్త పైన ఫెల్ట్ అనే మందపాటి గుడ్డతో సాసరంత తెల్ల చక్రాలు రెండు, వాటి మీద చిన్న పసుపు చక్రాలు, నడిమధ్య నల్ల గుండీలు. మీకు గుండీలు కుట్టడం వచ్చన్నారు కదా, ఇది మీ వంతు. రెండు కళ్ల మధ్య పైనుంచి కిందికి వేలాడేలా ముక్కు, నారింజ రంగు త్రికోణం ముక్క ఒకటి. టోపీ వేసుకుంటే గుడ్లగూబ, తీసేస్తే మీ పాప. చెవులకు చలి తగలదు, ముఖం మీద ఏ అడ్డూ ఉండదు. ఫెల్ట్ కత్తిరించినా దారాలు లేవవు, అంచు కుట్టే పని లేదు. బుగ్గలకు రంగులేవైనా పూయాలనుకుంటే రెండు రోజుల ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూడండి. పండుగ రాత్రి దద్దుర్లతో కూర్చోవడం కన్నా అది నయం.

ఇక చెత్త బండికి వద్దాం. రోబో మిగిల్చిన బుద్ధంతా ఇందులో పెడతాను.

మీ వీధిలోకి వచ్చే లారీ ఏ రంగో ముందు వాణ్ణే అడగండి. చెత్త బండి కావాలనే పిల్లాడు ఆ బండిని మీకన్నా బాగా చూసి ఉంటాడు. ఎన్ని చక్రాలు, లైటు ఎక్కడ, డబ్బాను ఎత్తే చెయ్యి ఏ పక్క, అన్నీ చెబుతాడు. ఒక కాగితం మీద వాడితోనే గీయించండి. ఇక అట్టపెట్టె. వాడి భుజాల వెడల్పుకు మూడు నాలుగంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. పొడవు ఒక మూర, ఇంకాస్త ఉన్నా పర్వాలేదు. ఎత్తు పన్నెండంగుళాలు మించొద్దు. అడుగు మొత్తం తీసేయండి. పైన వాడి భుజాలు దూరేంత కన్నం కోయాలి, అదీ నడిమధ్యలో కాదు. వాడి ముందు బెత్తెడు, వెనక జానెడు అట్ట ఉండేలా కోయండి. ముందు ఎక్కువుంటే వాడి కాళ్లు వాడికే కనబడవు, మెట్ల దగ్గర పడతాడు. పెట్టె చంకల కింద మొదలై తొడల మధ్య దాటకుండా ఆగిపోవాలి. కింది అంచుకూ మోకాలికీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి, అక్కడ రాజీ వద్దు. అట్ట కోసే కత్తి పని మీవారికి అప్పగించండి. కృష్ణుడి డ్రెస్సుతో తప్పించుకుందామనుకున్న మనిషికి ఆ మాత్రం పని ఉండాలి.

భుజాలకు పట్టీలు కావాలి. సన్నటి నాడాలు పెడితే అరగంటలో భుజం కోసుకుపోతుంది. పాత లంగా బట్టను మూడు వేళ్ల వెడల్పున నాలుగు మడతలు వేసి వాడండి. నేరుగా వేస్తే జారిపోతాయి, వీపు మీద అడ్డగుర్తులా ఒకదాని మీద ఒకటి రావాలి. పెట్టెకు కన్నాలు పెట్టేచోట లోపలా బయటా డక్ట్ టేపు అంటించాక కన్నం పెట్టండి, అట్ట చిరగదు. పట్టీ కొసను కన్నంలోంచి దూర్చి లోపల ముడి వేయాలి. మొత్తం బండి తలమీదుగా ఒక్క ఊపులో తీసేసేలా ఉండాలి. ఎందుకో పైన చెప్పాను.

రంగులకు పోస్టర్ కలర్స్ వద్దు, చినుకు పడితే కారతాయి. యాక్రిలిక్ అయితే ఆరాక కదలవు. చక్రాలకు ఆరు కాగితం ప్లేట్లు, నలుపు రంగు. ఈ పని పూర్తిగా బాబుది. వంకరగా వేసినా సరిదిద్దకండి. ముందు రెండు జాడీ మూతలు హెడ్‌లైట్లు. అసలైన బండికి వెనకాల ఎరుపు తెలుపు మెరిసే పట్టీలుంటాయి కదా, అవే రిఫ్లెక్టివ్ టేపుతో మన బండికీ అతికించండి. అందానికి అందం, వెనకనుంచి వచ్చే కారు లైట్లు పడితే దూరం నుంచే మెరుస్తుంది.

వెనక నోరే ఈ వేషానికి ప్రాణం. వెనక వైపు అట్టలో ఒక పెద్ద కిటికీ కోసి, లోపల ఒక గుడ్డసంచి వేలాడదీయండి. చాక్లెట్లు అందులోనే పడాలి! తలుపు తీయగానే వీడు "బీప్, బీప్, బీప్" అంటూ వెనక్కి తిరిగి రివర్స్‌లో వస్తాడు, ఇచ్చేవాళ్లు చెత్త వేసినట్టు చాక్లెట్లు వేస్తారు. నలభై డాలర్ల డ్రెస్సు ఎవరిదైనా దీని ముందు నిలుస్తుందా చెప్పండి. ఒకటే జాగ్రత్త, సంచి నిండితే బండి వెనక్కి లాగుతుంది. పదిళ్లకోసారి మీ సంచిలోకి దించుకోండి.

హాట్ గ్లూ గన్ వాడితే తక్కువ వేడిది కొనండి, పిల్లల చేతికి ఇవ్వకండి. ఆ జిగురు అట్టకూ బట్టకూ బాగానే పడుతుంది. నున్నటి ప్లాస్టిక్ మీద మాత్రం చలికి పెళుసై ఊడొస్తుంది. బరువు మోసేచోట జిగురును నమ్మకండి, ముడో కుట్టో పడాలి.

నిప్పు గురించి మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మతాబులు కాల్చేటప్పుడు నైలాన్ ఓణీలు వద్దని మన అమ్మలు అరిచేవాళ్లు కదా, అది కరిగి ఒంటికి అంటుకుంటుందని. అలాగని నూలు మంచిదనుకోకండి, వేలాడే నూలుబట్ట ఇట్టే అంటుకుంటుంది. ఇక్కడ చాలామంది గుమ్మాల్లో గుమ్మడికాయలు నేల మీదే పెడతారు, వాటిలో కొన్నింట్లో నిజం కొవ్వొత్తులుంటాయి, సరిగ్గా పాప రెక్క అంచు తగిలే ఎత్తులో. "దీపం కనిపిస్తే రెక్కలు ముడుచుకోవాలి" అని పాపకు ఇంట్లోనే నేర్పండి. మీ గుమ్మంలో మాత్రం బ్యాటరీ దీపాలే పెట్టండి.

మీ కొలంబస్ చుట్టుపక్కల ఈ తిరుగుడుకు బెగ్గర్స్ నైట్ అని పేరు. (అత్తమ్మకు ఆ పేరు మాత్రం చెప్పకండి, ఇంకో వారం పడుతుంది.) ఒక్కో ఏడు 31న కాకుండా ముందు రోజే పెడుతుంటారు, మీ ఊరి ప్రకటనలో తేదీ, టైం చూసుకుని ఆ సాయంత్రం కాల్స్ ఇప్పుడే బ్లాక్ చేయండి. అక్టోబర్ ఆఖరున అక్కడ ఆరున్నరకల్లా పొద్దుగూకుతుంది, సగం తిరుగుడు చీకట్లోనే. చలీ ఉంటుంది. అందుకే ఏ కొలతైనా లోపల స్వెట్టర్ వేసి తీయండి. కారులో వెళ్లేట్టయితే బండి డిక్కీలో, రెక్కలు ఒళ్లో ఉండాలి, సీటు బెల్టు కింద కాదు.

బడికి వేషాలు వేసుకు రావచ్చో లేదో టీచర్ పంపిన మెయిల్ చదవండి. చాలా బళ్లలో మాస్కులు, ఉత్తుత్తి కత్తులు రానివ్వరు, అట్టపెట్టెలకైతే బస్సులోనే చోటుండదు. బడి కోసం బాబుకు ఒక పాత టీషర్టు మీద ఫెల్ట్ చక్రాలు నాలుగు అంటించి పంపండి, సరిపోతుంది.

కృష్ణుడి డ్రెస్సు విషయంలో మీవారితో నేను ఏకీభవించను. పాపం తగులుతుందని కాదు. పిల్లాడు అడిగింది చెత్త బండి. కృష్ణుడి వేషంలో పంపితే ప్రతి గుమ్మంలో "నువ్వెవరు?" అని అడుగుతారు, ఐదేళ్లవాడు ఇంగ్లీషులో కృష్ణుణ్ణి వివరిస్తూ నిలబడాలి. పక్కన అస్థిపంజరాలు, నెత్తురు పూసుకున్న మొహాలు. అత్తమ్మ మనసు కూడా చివుక్కుమంటుంది. కిరీటానికీ పిల్లనగ్రోవికీ కృష్ణాష్టమి ఉంది. హాలోవీన్, దీపావళి ఒకే రోజు పడ్డ 2024లో మా బంధువుల పిల్లలు సాయంత్రం వేషాలతో తిరిగొచ్చి, స్నానాలు చేసి, పట్టు లంగాలు కట్టుకుని దీపాలు పెట్టారు. ఒకదాన్నొకటి ఏమీ చెడగొట్టలేదు.

మిగతా తల్లుల ఫొటోలంటారా? వేషాలు ఇంట్లో చేయడం ఇక్కడివాళ్లకు పాత అలవాటే. వందేళ్ల కిందట మన బడి వార్షికోత్సవాలకు కట్టే క్రేప్ కాగితంతోనే అమెరికా తల్లులు వేషాలు కుట్టేవాళ్లు. మసాచుసెట్స్‌లో డెన్నిసన్ అనే కాగితాల కంపెనీ 1909 నుంచి ఆ వేషాలు ఎలా చేయాలో చెప్పే చిన్న పుస్తకాలు అచ్చు వేసి మరీ తన కాగితం అమ్ముకుంది. ఇప్పుడు ఫోన్లో మీరు చూస్తున్నదీ అలాంటిదే, కింద ఎక్కడో జిగురు డబ్బా లింకు ఉంటుంది. చూడ్డం మానేయమని చెప్పను, మీరు మానరు. పది దాటాక చూడకండి.

మాటిచ్చి తప్పేం చేయలేదు. కానీ ఈ వారం కత్తెర పట్టకండి. ఐదేళ్లవాడు మాట మారుస్తాడు. వరసగా మూడు రోజులు చెత్త బండే అంటే అప్పుడు అట్ట కోయండి. పాప బట్ట పట్టీలు మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు, తొమ్మిదేళ్ల పిల్లలు మాట మీద ఉంటారు. రెండో వారాంతానికి రెండూ నిలబడాలి. పండుగకు నాలుగు రోజుల ముందు పూర్తిగా తొడిగి ఇంట్లో నడిపించండి. మెట్లెక్కాలి, దిగాలి, కూర్చోవాలి, తల రెండు పక్కలా తిప్పాలి, బాత్రూంకు వెళ్లి రావాలి. ఎక్కడ ఇబ్బంది పడితే అక్కడ కత్తిరించడానికి ఇంకా టైం ఉంటుంది. మూడో వారం మధ్యలో చేతులెత్తేయాలనిపిస్తే, మీ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పాత వేషాలుంటే ఇవ్వమని అడగండి. నేనూ రోబో తర్వాతి ఏడాది అదే చేశాను.

మీరేం వేసుకోవాలని అడిగారు. చెత్త బండి వెనక నడిచే మనిషి ఒకరుండాలి కదా? హార్డ్‌వేర్ షాపులో రోడ్డు పనివాళ్లు వేసుకునే నారింజ రంగు రిఫ్లెక్టివ్ జాకెట్టు దొరుకుతుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. అది తగిలించుకుని, చేతికి పని గ్లవ్స్, ఒక టార్చిలైటు. ముగ్గుర్లో కార్లవాళ్లకు అందరికన్నా ముందు మీరే కనిపిస్తారు, బాబు వేషానికి మీరే సగం అవుతారు. సైజు మాత్రం రెండు నంబర్లు పెద్దది తీసుకోండి, కోటు మీద పట్టాలి.